వీధి చివరి సుషి కొట్టు

పచ్చి చేప, పెద్ద బిల్లు... సుషి అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేవి ఈ రెండే. జపానులో మాత్రం అది వండే ఓపిక లేని శుక్రవారం రాత్రి ఇంటిల్లిపాదీ చెప్పులేసుకుని నడిచి వెళ్లి తినొచ్చే భోజనం. టోక్యోలో ఒక తెలుగు కుటుంబంతో కలిసి చేసిన విందు, ఒక్కో పళ్లెం వెనకున్న సంగతులు ఈ వారం ముఖచిత్ర కథనం.

సుషి పేరెత్తితే బయటి ప్రపంచం మొదట తలచుకునే మనిషి జిరో ఒనో. టోక్యోలోని గింజాలో, మెట్రో స్టేషనుకు ఆనుకుని ఉన్న ఒక భవనం నేలమాళిగలో ఆయన కొట్టు. పది మంది కూర్చుంటే నిండిపోతుంది. 2011లో ఆయన మీద డాక్యుమెంటరీ వచ్చింది. 2014లో అమెరికా అధ్యక్షుడు ఒబామాని అప్పటి ప్రధాని షింజో అబే భోజనానికి తీసుకెళ్లిందీ అక్కడికే. వరసగా ఇరవై ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి చేతికొస్తాయి, అరగంటలో భోజనం అయిపోతుంది, బిల్లు చూస్తే మనకు నెల సరుకులు గుర్తొస్తాయి. 2025లో నూరేళ్లు నిండిన ఆ పెద్దాయన పనితనానికి వంక పెట్టేవాడెవడూ లేడు. కాకపోతే ఆ సినిమా పుణ్యమా అని సుషి అంటే నోరెత్తకుండా, ఒళ్లు దగ్గరపెట్టుకుని తినాల్సిన వ్యవహారమనే భ్రమ ఊరూరా పాకింది. జపానులో మామూలు జనం ఆ గుమ్మం తొక్కరు. వాళ్లు తినే సుషి వేరే చోట ఉంది. అక్కడ పిల్లలు అల్లరి చేస్తారు, ముసలివాళ్లు నిదానంగా నములుతారు, ఎవరికి కావలసింది వాళ్లు తింటారు.

అలాంటి ఒక చోటికే మేం వెళ్లింది. టోక్యో తూర్పు అంచున ఎదొగావా వార్డులో నిషి కసాయ్ అనే పేట ఉంది. 2000 ప్రాంతంలో కంప్యూటర్ పనుల మీద వచ్చిన మనవాళ్లు ఇక్కడ స్థిరపడ్డారు. తోజాయ్ లైను రైలెక్కితే ఆఫీసులుండే ఒతెమాచికి ఒక్క బండిలో వెళ్లిపోవచ్చు, అదీ కారణం. ఇప్పుడు స్టేషను దిగితే కందిపప్పు, కరివేపాకు దొరికే కొట్లు కనిపిస్తాయి. నా మిత్రుడిది తెనాలి. భార్య, ఎనిమిదేళ్ల కూతురు, వేసవికి వచ్చిన వాళ్లమ్మగారు. పెద్దావిడ వెల్లుల్లి కూడా ముట్టని మనిషి. "పిన్నిగారూ, సుషికి వస్తారా?" అంటే, "మీరు తినండి నాయనా, నేను టీ తాగుతూ చూస్తా" అని చెప్పులేసుకుని బయల్దేరారు.

పెద్ద గొలుసు సంస్థలకు చెందిన ఇలాంటి కొట్లను కైతెన్ సుషి అంటారు. పళ్లేలు తిరిగే కొట్టు అన్నమాట. గుమ్మంలో యంత్రం చీటీ ఇస్తుంది, నంబరు పిలిస్తే బల్ల దగ్గరికి వెళ్లాలి. బల్లకొక తెర, వేడినీళ్ల కుళాయి, డబ్బాలో పచ్చటి టీ పొడి, ఇంకో డబ్బాలో గారి అనే తీపి పులుపు అల్లం ముక్కలు. ఆ కుళాయిలో వచ్చేవి మరిగే నీళ్లు. చెయ్యి కడుక్కునేదనుకుని కాల్చుకున్న కొత్తవాళ్ల కథలు ఇక్కడ కొల్లలు. పిన్నిగారు చెయ్యి చాపబోతుంటే మనవరాలు పెద్ద ఆరిందాలా అడ్డుపడింది. "నానమ్మా, అది టీకి!"

ఆర్డరివ్వడం ఆ పిల్ల హక్కు. తెర మీద జపనీసు అక్షరాలు గబగబా తోసుకుంటూ పోయింది. మాకేం కావాలో అడిగింది గానీ, మేం చెప్పినదానికంటే తనకు నచ్చినవే ఎక్కువ నొక్కిందని తర్వాత తేలింది.

బీరు సీసాల్ని చూసి

ఈ తిరిగే పళ్లేల ఆలోచన యొషియాకి షిరాయిషి అనే ఒసాకా వ్యాపారిది. చిన్నచిన్న కార్ఖానాల మధ్య నడిచే ఆయన కొట్టుకు కూలీలూ కార్మికులూ వచ్చేవారు. గిరాకీ ఉంది, వడ్డించే మనుషులే దొరకడం లేదు. ఒకసారి బీరు కర్మాగారంలో సీసాలు పట్టీ మీద వరసగా కదిలి వెళ్లడం చూశాడట. ఆ పట్టీని తన కొట్లోకి తేవడానికి మాత్రం చాలా తంటాలు పడ్డాడు. సీసా నిటారుగా వెళ్తుంది. పళ్లెం మూల తిరిగే చోట చిక్కుకుంటుంది. వేగంతో ఇంకో పేచీ: నెమ్మదిగా వెళ్తే తినేవాడికి విసుగు, వేగంగా వెళ్తే చేప మీద తడి ఆరిపోతుంది. చివరికి సెకనుకు సుమారు 8 సెంటీమీటర్ల దగ్గర కుదిరింది. 1958లో ఇప్పటి హిగాషి ఒసాకాలో 'గెన్రొకు సుషి' అలా మొదలైంది. 1970 ఒసాకా ప్రపంచ ప్రదర్శనలో జనం దాన్ని చూసి ముచ్చటపడ్డారు. ఆ దశాబ్దం చివర్లో ఆయన పేటెంటు గడువు తీరగానే దేశమంతా పోటీ కొట్లు పుట్టుకొచ్చాయి.

షిరాయిషి చేసిన అసలు మేలు యంత్రం కాదు, ధర. అంతకుముందు సుషి కొట్లో కూర్చుంటే బిల్లు ఎంతవుతుందో చివరిదాకా తెలిసేది కాదు. ఇక్కడ పళ్లెం రంగే ధర. తిన్నన్ని పళ్లేలు లెక్కపెట్టుకుంటే చాలు. ఏళ్ల తరబడి పెద్ద గొలుసు కొట్లలో పళ్లెం 100 యెన్లు, పైన పన్ను. 2022లో చేపలు, నూనె, యెన్ విలువ అన్నీ ఎదురుతిరగడంతో ధర పెంచక తప్పలేదు. అయినా ఇప్పటికీ చవక పళ్లెం మన డబ్బులో వంద రూపాయలు దాటదు. రెండు ముక్కలుంటాయి అందులో.

మేం వెళ్లిన చోట పట్టీ మీద ఊరికే తిరిగే పళ్లేలు లేవు. 2023 మొదట్లో ఒక కుర్రాడు ఇలాంటి కొట్లో సోయా సాస్ సీసా మూతిని నాకి, తిరిగే ముక్కకు ఉమ్మి పూసి ఆ వీడియోని లోకానికి వదిలాడు. దేశం భగ్గుమంది. అప్పటినుంచి చాలా చోట్ల పట్టీ మీద పళ్లేలు ఊరేగడం ఆగిపోయింది. మనం అడిగిన పళ్లెం మాత్రమే నేరుగా మన బల్ల ముందుకు దూసుకొచ్చి ఆగుతుంది. సౌకర్యమే, శుభ్రమే. కానీ ఏం తినాలో తెలియనివాడికి కళ్లతో చూసి చెయ్యి చాపే వీలు పోయింది. నాకది లోటే.

అన్నమే అసలు సరుకు

మొదట వచ్చిన పళ్లెంలో ట్యూనా ముక్కలు, ఎర్రగా. చూపంతా చేప మీదికే పోతుంది. సుషి వండేవాళ్లు మాత్రం దాని కింద ఉన్న అన్నం గురించే మాట్లాడతారు. చేప బజారులో దొరుకుతుంది, అన్నం మాత్రం కొట్టు సొంతం. దాన్ని షారి అంటారు.

పొట్టి గింజ బియ్యాన్ని కాస్త బిరుసుగా వండుతారు. వేడి తగ్గకముందే వెడల్పాటి చెక్క తొట్టెలోకి గుమ్మరించి, బియ్యపు వెనిగర్, ఉప్పు, పంచదార కలిపిన రసం పోసి, గింజ చిదమకుండా గరిటెతో అడ్డంగా కోస్తున్నట్టు కలుపుతారు. పక్కనుంచి ఒకరు విసనకర్రతో విసురుతూనే ఉంటారు. బేసినులో అన్నం ఆరబోసి, పులుసు పోసి, చేత్తో పైకీ కిందికీ తిరగేస్తూ పులిహోర కలిపే అమ్మమ్మ ఈ పని చూస్తే ఇట్టే గుర్తుపడుతుంది. పులుపు ప్రతి గింజకూ పట్టాలి, గింజ గింజకూ అంటకూడదు. రెండింటికీ సూత్రం ఇదే. తేడా ఎక్కడంటే షారిని ఒంటి వేడి మీద ఉండగానే వాడతారు. చల్లారిపోయిన అన్నం మీద ఎంత ఖరీదైన చేప పెట్టినా దండగే. గొలుసు కొట్లలో ఆ ముద్దల్ని యంత్రం ఒత్తుతుంది. సుజుమో అనే సంస్థ 1981లోనే సుషి రోబోను తయారుచేసింది. చేత్తో ఒత్తిన ముద్ద నోట్లో విడిపోతుంది, యంత్రం ముద్ద కాస్త మొండికేస్తుంది. ధర చూసి క్షమించేయొచ్చు.

ఈ పులుపు వెనక పెద్ద కథే ఉంది. మొదట్లో అన్నాన్ని తినేవాళ్లే కాదు. ఉప్పు పట్టించిన చేపను అన్నంలో పాతేసి నెలల తరబడి ఊరబెట్టేవాళ్లు. అన్నం పులిసి చేపను కుళ్లకుండా కాపాడేది. తర్వాత ఆ అన్నాన్ని తీసి పారేసి చేపను తినేవాళ్లు. ఆగ్నేయాసియాలో వరి పండించే నదీతీరాల్లో పుట్టిన పద్ధతి ఇదంటారు. క్యోటో పక్కనున్న బివా సరస్సు చుట్టూ ఇప్పటికీ 'ఫునాజుషి' పేరుతో ఇది బతికే ఉంది. ఘాటు వాసన, ముదురు పులుపు. అందరూ తినగలిగేది కాదు.

కాలం గడిచేకొద్దీ జనానికి ఓపిక తగ్గింది. ఊరబెట్టే రోజులు కుదించుకుంటూ వచ్చారు. అన్నం పారేయడమెందుకని దాన్నీ తినడం మొదలుపెట్టారు. పులియడం దాకా ఎందుకు, వెనిగరే కలిపేస్తే పోలేదా అనుకున్నారు. 1804లో నగోయా దగ్గర హందా ఊళ్లో మతజాయెమోన్ నకానో అనే సాకె తయారీదారు, సారా పిండగా మిగిలిన పిప్పి నుంచి ఎర్రటి వెనిగర్ తీశాడు. బియ్యంతో చేసిన వెనిగర్ కంటే చవక. అది ఓడలెక్కి ఎదో నగరానికి, అంటే ఇప్పటి టోక్యోకి చేరింది. ఆయన పెట్టిన సంస్థే ఈనాటి మిజ్కాన్. 1820ల్లో ఎదోలో హనాయా యొహెయ్ అనే అతను ఆ అన్నాన్ని చేతిలో ముద్దగా ఒత్తి, పైన చేప ముక్క పెట్టి అప్పటికప్పుడు చేతికిచ్చాడని చెబుతారు. నిగిరి సుషి అదే. బళ్ల మీద అమ్మేవాళ్లు, జనం నిలబడి తినేవాళ్లు. ముద్ద ఇప్పటికంటే రెండు మూడు రెట్లు పెద్దది. పనికి పోయేవాడు రెండు ముద్దలు మింగి మూతి తుడుచుకుని వెళ్లిపోయేవాడు. అలా వీధిలో పుట్టిన తిండికి గింజాలో ఇంత మర్యాద ఎప్పుడు అబ్బిందో గానీ, పుట్టుక మాత్రం రోడ్డు మీదే.

పచ్చి అంటే ఎంత పచ్చి?

మా బల్ల మీద పళ్లేల దొంతర పెరిగింది. ట్యూనా, సాల్మన్, ఉడికించిన రొయ్య, అనాగో అనే సముద్రపు పాము చేప, తీపి గుడ్డట్టు, వెనిగర్‌లో నానిన మాకెరెల్, సాల్మన్ గుడ్లు. చూస్తే అందులో నిజంగా పచ్చివి సగమే. అనాగో తీపి సోయా రసంలో మెత్తగా ఉడికింది. రొయ్య వంకర తిరగకుండా పుల్ల గుచ్చి ఉడికించింది. కొహాదా అనే చిన్న వెండి చేపకు ముందు ఉప్పు, తర్వాత వెనిగర్. ఐసు లేని కాలంలో చేప పాడవకుండా ఎదో వంటవాళ్లు కనిపెట్టిన ఉపాయాలివన్నీ. ట్యూనాను సోయా సాసులో ముంచి ఉంచేవాళ్లు. కొవ్వు పట్టిన పొట్ట భాగం, అంటే ఈ రోజు అందరూ ఎగబడి కొనే తోరో, సోయా పట్టదు, త్వరగా పాడవుతుంది. కాబట్టి పిల్లి కూడా దాన్ని దాటిపోతుందని వెక్కిరించి పారేసేవాళ్లు. ఫ్రిజ్ వచ్చాక దాని జాతకం తిరగబడింది. 2019 జనవరి 5న టోక్యోలోని తొయొసు చేపల బజారులో 278 కిలోల బ్లూఫిన్ ట్యూనా ఒక్కటి 33 కోట్ల 36 లక్షల యెన్లు పలికింది. కొత్త ఏడాది తొలి వేలం కాబట్టి అందులో ప్రచారం ఖర్చే ఎక్కువ. కొన్నాయన సుషి కొట్ల గొలుసు యజమాని, మర్నాడు పత్రికలన్నిటా ఆయన ఫొటోనే.

అప్పుడే పట్టిన చేపే మంచి సుషి అన్నది కూడా సగం నిజమే. పెద్ద ట్యూనాను రోజుల తరబడి చల్లటి చోట మాగబెడతారు. పట్టిన రోజున కండ గట్టిగా, రుచీ పచీ లేకుండా ఉంటుంది. మాగేకొద్దీ కండరంలో రుచినిచ్చే పదార్థాలు పెరుగుతాయి. ఎప్పుడు కోయాలో తెలిసినవాడే పనివాడు.

భయం మాటకొస్తే, పచ్చి చేపలో అనిసాకిస్ అనే పురుగు ఉండే మాట వాస్తవం. వెనిగర్ దాన్ని చంపదు, వసాబి చంపదు. మైనస్ 20 డిగ్రీల్లో 24 గంటలు గడ్డకట్టించాలని జపాను ఆరోగ్య శాఖ చెబుతుంది. గొలుసు కొట్ల చేపలు చాలావరకు అలా గడ్డకట్టించి వచ్చేవే. హైదరాబాద్‌లోనో విశాఖలోనో బజారు చేప తెచ్చి ఇంట్లో సుషి చేద్దామనుకునేవాళ్లు ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఇంటి ఫ్రిజ్‌ను నమ్ముకోకండి.

పాప ముందు ఖాళీ అయిన పళ్లేల్లో ఎక్కువ సాల్మన్‌వే. "జపానులో అన్నిటికంటే పాత సుషి ఇదే కదా, అంకుల్?" అని అడిగింది. కాదు తల్లీ, బాగా కొత్తది. పసిఫిక్ సాల్మన్‌లో పురుగులుంటాయని జపాను వాళ్లు దాన్ని కాల్చుకునో, ఉప్పు పట్టించో తినేవాళ్లే తప్ప పచ్చిగా ముట్టేవాళ్లు కాదు. 1980ల్లో నార్వేలో పెంపకపు సాల్మన్ గుట్టలు పడింది. కొనేవాడు కావాలి. నార్వే ప్రభుత్వం జపాను మీద ప్రత్యేక కార్యక్రమమే పెట్టింది. మేత వేసి పెంచిన చేప, పురుగు ఉండదు, పచ్చిగా తినొచ్చు అని ఏళ్ల తరబడి చెప్పింది. పేరున్న సుషి వంటవాళ్లు ముఖం తిప్పుకున్నారు. రంగు బాగోలేదన్నారు, వాసన తేడాగా ఉందన్నారు. తలుపు తీసింది కైతెన్ కొట్లు. 1990ల్లో అక్కడ చేరింది, పిల్లలు ఎగబడ్డారు. ఇప్పుడు ఈ కొట్లలో ఇష్టమైన సుషి ఏదని సర్వే చేస్తే తరచూ మొదటి పేరు సాల్మన్‌దే. పెద్ద పెద్ద వంటవాళ్ల కంటే పిల్లల నోరే గెలిచిందని నాకు ఇందులో చిన్న సంతోషం.

రొయ్య దగ్గర మిత్రుడు ఆగాడు. "ఇది మనదై ఉంటుందంటావా?" ఈ ముక్కది ఏ దేశమో తెర మీద రాయలేదు. అడగడంలో మాత్రం అర్థముంది. 1990ల్లో కృష్ణా, గోదావరి, నెల్లూరు చెరువుల్లో పెరిగిన టైగర్ రొయ్యకు పెద్ద గిరాకీ జపానుదే. తెల్లమచ్చ తెగులు ఆ సాగును దెబ్బతీసింది. 2009లో వెనామీకి అనుమతి వచ్చాక మన రొయ్య ఎక్కువగా అమెరికా దారి పట్టింది. అప్పట్లో మన ఊరి వాళ్లు జపాను వాడి ధర ఎంతని అడుగుతూ చెరువు గట్ల మీద తిరిగేవాళ్లు. ఆ రొయ్య ఏ పళ్లెంలో తేలిందో వాళ్లు చూడలేదు.

నానమ్మకేం పెట్టాలి?

పిన్నిగారు టీ రెండోసారి పోసుకున్నారు. కోడలికి మనసొప్పలేదు. "అత్తయ్యగారూ, దోసకాయది తినొచ్చు. అన్నం, దోసకాయ, నువ్వులు, అంతే" అని కప్పా మాకి ముందు పెట్టింది. నల్లటి ఆకులో చుట్టిన అన్నం మధ్య కరకరలాడే కీర దోస. ఆవిడ ఒక ముక్క అనుమానంగా, రెండోది మామూలుగా, మూడోది అడగకుండానే తిన్నారు. "ఉప్పు తక్కువైంది గానీ బాగానే ఉందమ్మా" అన్నది తీర్పు.

శాకాహారులకు సుషి కొట్లో దక్కేవి కొన్ని ఉన్నాయి, చిక్కులూ ఉన్నాయి. అవకాడో, ముల్లంగి ఊరగాయ, ఉప్పులో ఊరిన వంకాయ, పులియబెట్టిన సోయా గింజల నాట్టో ఉంటాయి. నాట్టో వాసనకు పిన్నిగారు ముఖం పక్కకు తిప్పేశారు. తీపి టోఫు సంచిలో అన్నం కూరిన ఇనారి చూడ్డానికి అమాయకంగా ఉంటుంది. ఆ సంచిని ఉడికించే రసంలో మాత్రం తరచూ దాషి పడుతుంది, అంటే ఎండబెట్టిన చేప చెక్కలతో కాచిన చారు. గుడ్డట్టులోనూ దాషే. కొట్టువాళ్లు ఇచ్చే అలర్జీ పట్టిక చూస్తే తెలిసిపోతుందనుకుంటే పొరపాటే. సాల్మన్, మాకెరెల్ అందులో ఉంటాయి గానీ దాషికి వాడే బొనిటో ఆ జాబితాలోనే లేదు. అడగడమొక్కటే దారి.

అందుకే కంప్యో దగ్గర మేం ఆగిపోయాం. పిన్నిగారికి అది ఏమిటో చెప్పగానే కళ్లు పెద్దవయ్యాయి. కంప్యో అంటే సొరకాయ. కండను పొడవాటి పట్టీలుగా చెక్కి ఎండబెట్టి, వాడేముందు నానబెట్టి, సోయా, పంచదారలో ఉడికించి మాకిలో చుడతారు. జపాను కంప్యో దాదాపు అంతా ఒక్క తొచిగి రాష్ట్రం నుంచే వస్తుంది. "సొరకాయ వరుగులా! చేప పులుసులో ఉడికించకపోతే తినేదాన్ని కదే" అన్నారావిడ నిట్టూర్చి. కోడలు నవ్వేసింది. ఎండు కంప్యో ప్యాకెట్టు సూపర్ మార్కెట్లో దొరుకుతుంది, కొంబు అనే సముద్రపు నాచు నీళ్లతో ఇంట్లోనే ఉడికిస్తానని మాటిచ్చింది.

మాకి చుట్టిన నల్లటి ఆకు నోరి, అదీ సముద్రపు నాచే. మేం కూర్చున్న నేలకూ దానికీ చుట్టరికముంది. ఒకప్పుడు సముద్రం ఈ నిషి కసాయ్ దాకా ఉండేది. ఈ తీరంలో 1960ల దాకా నోరి పండించేవాళ్లు. తర్వాత మట్టి పోసి పూడ్చి అపార్ట్‌మెంట్లు కట్టారు. నోరి రైతులకు చాలాకాలం విత్తనం ఎక్కణ్నుంచి వస్తుందో తెలిసేది కాదు. ఒక ఏడు బాగా పండేది, ఇంకో ఏడు ఏమీ ఉండేది కాదు. 1949లో ఇంగ్లండు శాస్త్రవేత్త కాథలీన్ డ్రూ బేకర్, ఈ నాచు తన జీవితంలో కొంత భాగం గుల్లల పెంకుల్లో దాక్కుని గడుపుతుందని కనిపెట్టింది. జపాను వాళ్లు ఆ మాట పట్టుకుని పెంకుల మీద నారు పెంచడం మొదలెట్టారు. ఆవిడ జపానుకు ఎప్పుడూ రాలేదు, 1957లో చనిపోయింది. కుమామొతో రాష్ట్రంలోని ఉతో ఊరివాళ్లు సముద్రానికి ఎదురుగా ఆవిడకు స్మారకం కట్టి, ఏటా ఏప్రిల్ 14న తలచుకుంటారు.

ఇక వసాబి. చిన్న పొట్లాల్లో వచ్చే ఆ పచ్చ ముద్దలో చాలావరకు హార్స్‌రాడిష్ దుంప, రంగు. అసలు వసాబి కాండం ఖరీదు. అప్పటికప్పుడు తురిమితేనే ఘాటు పుడుతుంది, పావుగంటలో సగం పోతుంది. పిల్లలొచ్చే చోటు కాబట్టి ఇక్కడ ముక్కలోపల వసాబి పెట్టరు, కావలసినవాళ్లు అద్దుకోవాలి. మిర్చి తిన్న ధైర్యంతో ముద్దెడు నోట్లో వేసుకున్న మిత్రుడు ముక్కు పట్టుకున్నాడు. గుంటూరు కారం నాలుక మీద పనిచేస్తుంది, ఇది నేరుగా నెత్తికెక్కుతుంది.

సుషి అయ్యాక పాప కోడి వేపుడు, బంగాళాదుంప ఫ్రైస్, చివర్లో పుడ్డింగ్ తెప్పించుకుంది. నేను ఆవిరి మీద ఉడికిన గుడ్డు కస్టర్డ్, చవాన్‌ముషి తీసుకున్నా. పక్క బల్ల ముసలాయన ఉడాన్ నూడిల్స్ జుర్రుకుంటున్నాడు. సుషి కొట్లో నూడిల్సేమిటని పెదవి విరిచేవాళ్లు ఉంటారు. నాకు మాత్రం ఈ కొట్టు గొప్పతనం ఇందులోనే కనిపించింది. అయిదుగురం, అయిదు రకాల ఆకళ్లు, ఒక్క బల్ల.

అద్దాల వెనక పెద్దాయన

నిజమైన వీధి చివరి కొట్టు ఇంకొకటుంది. నీలం గుడ్డ తెర కట్టిన గుమ్మం, ఏడెనిమిది కుర్చీలు, అద్దాల పెట్టెలో ఆ రోజు చేపలు, దాని వెనక తెల్ల టోపీ పెద్దాయన. గొలుసు కొట్ల తాకిడికి ఇవి ఊరూరా మూతపడుతున్నాయి. కొడుకు ఇంకేదో ఉద్యోగంలో ఉంటాడు. తెల్లారకముందే బజారుకు వెళ్లే పనికి కుర్రాళ్లు రారు. మర్నాడు మిత్రుడూ నేనూ అలాంటి ఒక కొట్టుకు వెళ్లాం.

భాష రాకపోయినా భయం లేకుండా తినే దారి ఒకటుంది. గోడ మీద మూడు మెట్ల ధరలుంటాయి: మామూలు, మంచిది, బాగా మంచిది. కొన్ని చోట్ల వాటిని ఉమె, తాకె, మత్సు అంటారు, అంటే ప్లమ్, వెదురు, పైన్ చెట్టు. ఒకటి చెబితే నిగిరీ మాకీ కలిపి ఒక పూట భోజనం వస్తుంది. ఒక పూటకు సుమారు పది ముక్కలన్న లెక్కకు ఒక చరిత్ర ఉంది. యుద్ధం తర్వాత బియ్యం కరువులో 1947లో జపాను ప్రభుత్వం హోటళ్లను మూయించింది. సుషి వాళ్లు అధికారుల దగ్గరికి వెళ్లి మేం తిండి అమ్మం, జనం తెచ్చిన బియ్యాన్ని సుషిగా మార్చి ఇచ్చి కూలి మాత్రమే తీసుకుంటాం అన్నారు. ఒక గో, అంటే సుమారు 150 గ్రాముల బియ్యానికి పది ముక్కలు. ఒత్తే నిగిరి టోక్యో పద్ధతి. ఒసాకాలో చెక్క పెట్టెలో అదిమి కోసే సుషికే పేరు. 1923 భూకంపంలో కొట్లు కూలి వంటవాళ్లు సొంతూళ్లు పట్టడంతో నిగిరి అప్పటికే దేశం మీద పడింది. కరువు కాలపు ఈ కొలత దాన్ని అన్నిచోట్లా స్థిరపరిచింది.

పెద్దాయన తెల్ల చేపతో మొదలుపెట్టాడు, తర్వాత కొహాదా, తర్వాత ట్యూనా, చివర అనాగో, గుడ్డట్టు. తేలిక రుచి ముందు, జిడ్డుది వెనక. మధ్యలో అల్లం ముక్క నోరు కడుగుతుంది. చేత్తో తినొచ్చా అని మిత్రుడు అడిగితే, చేత్తోనే బాగుంటుందన్నాడు. ముక్కను తిరగేసి చేప వైపు మాత్రమే సోయాలో అద్దమని చేసి చూపించాడు. అన్నం వైపు ముంచితే ముద్ద విడిపోతుంది, షారికి పట్టించిన పులుపంతా సోయా పాలవుతుంది. కొహాదా బాగుందని తెలిసీ తెలియని జపనీసులో అన్నాను. అడగకుండానే ఇంకొకటి చేసి పెట్టాడు, బిల్లులో మాత్రం వేశాడు.

ఈ కొట్లు మనం వెళ్లి తినే చోట్లే కాదు. ఇంటికి చుట్టాలొస్తే, చావు పనైతే, పిల్ల పరీక్ష పాసైతే ఫోన్ చేస్తే నల్ల లక్క తొట్టెలో సుషి పేర్చి తెచ్చిస్తారు. తిన్నాక తొట్టె కడిగి గుమ్మం బయట పెడితే, కుర్రాడొచ్చి తీసుకెళ్తాడు.

టోక్యో వెళ్లేవాళ్లుంటే చిన్న సలహా. రెండు చోట్లా తినండి, రెంటికీ కలిపినా గింజా బిల్లులో ఓ మూలకు రాదు. గోడ మీద కొన్ని చేపల పక్కన అంకె బదులు 'జికా' అని ఉంటుంది, ఆ రోజు బజారు ధర అని. అవి అడిగి తీసుకోండి. బుధవారం మాత్రం చిన్న కొట్టుకు బయల్దేరేముందు ఫోన్ చేయండి. ఆదివారాలతో పాటు చాలా బుధవారాలు తొయొసు బజారుకు సెలవు. బజారు లేని రోజు పెద్దాయనా తెర దించేస్తాడు.